తొడిమలక్కకు నేను గ్రామరు నేర్పిన వైనం

ఆ రోజుల్లో నాకు రెండు సంగతుల మీద గట్టి నమ్మకం ఉండేది. ఇంగ్లీషు గ్రామరు వచ్చినవాళ్ళకు ఈ భూమ్మీద ఎదురు లేదన్నది ఒకటి. సత్తెనపల్లి చుట్టుపక్కల పది ఊళ్ళలో అది నాకొక్కదానికే వచ్చునన్నది రెండోది. ఈ రెండు నమ్మకాలూ నెత్తిన పెట్టుకుని తిరిగేదాన్ని కాబట్టి మెడ ఎప్పుడూ నిటారుగా ఉండేది. బళ్ళో ఎవరైనా లేచి ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్నారంటే నాకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. పెళ్ళిళ్ళకు వెళితే వధూవరుల్ని చూడకముందే ఫ్లెక్సీ మీద ఇంగ్లీషు చదివేదాన్ని. (ఒక పెళ్ళిలో అందులో దొరికిన తప్పేమిటో పెళ్ళికొడుకు తండ్రికే విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, భోజనాలు అటువైపు అని చూపించాడు.) మా అమ్మ మాత్రం ఈ విద్యను చూసి పొంగిపోయిన పాపాన పోలేదు. “దీనికి మొగుణ్ణి తెస్తే వాడి మాటల్లో తప్పులేరుకుంటా కూర్చుంటది. సంసారం ఎప్పుడు చేసిద్ది?” అని ఇరుగుపొరుగుతో వాపోయేది.

డిగ్రీ అయిన ఏడాదే గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. దొరికిన తీరు కూడా నా పొగరుకు తగ్గట్టే ఉంది. ఆఫీసు యజమానిని అందరూ షావుకారు గారు అనేవాళ్ళు. పెద్దాయన, తెల్ల చొక్కా, మాట తక్కువ. ఇంటర్వ్యూలో ఆయన తానే రాసిన ఒక ఉత్తరం నా ముందు పెట్టి, “ఇది చదివి ఎట్లా ఉందో చెప్పమ్మాయ్” అన్నారు. నేను జేబులో పెట్టుకున్న ఎర్ర పెన్ను తీసి ఏడు చోట్ల సున్నాలు చుట్టి ఇచ్చాను. ఆయన ఆ కాగితం వంక కాసేపు చూసి, “రేపట్నుంచి రా” అన్నారు. విదేశాల నుంచి వచ్చే మెయిళ్ళకు జవాబులు రాయడం, కొనుగోలుదారులు వస్తే వాళ్ళతో మాట్లాడటం నా పని. మొదటి వారం రోజులూ మాట్లాడింది తక్కువ, తుమ్మింది ఎక్కువ. మా ఇంట్లో తాతల కాలం నుంచీ పత్తే గానీ మిరప వేసింది లేదు. ఆఫీసేమో కోల్డ్ స్టోరేజీని ఆనుకునే ఉంది. ఘాటు అలవాటయ్యేసరికి పేరు కూడా స్థిరపడింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ముఠా కూలీల దాకా నన్ను ‘ఇంగ్లీషు మేడమ్’ అనేవాళ్ళు. ఆ పిలుపు వినపడినప్పుడల్లా కావాలనే ఆలస్యంగా పలికేదాన్ని, రెండోసారి కూడా పిలుస్తారని.

ఆరు నెలలు అలా రాజ్యమేలాక తొడిమలక్క నా కంట్లో పడింది. ఆమె అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పెళ్ళైన కొత్తలో మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వచ్చిందట. రెండొందల మంది ఆడవాళ్ళు రేకుల షెడ్డు కింద వరసల్లో కూర్చుని తొడిమలు గిల్లుతుంటే, ఈమె మాత్రం గిల్లుతూ గిల్లుతూ “ఇది ఒక చేలో కాయ కాదు, రెండు చేలవి కలిపారు” అనేదట. ఒకటి రెండుసార్లు ఆ మాట నిజమయ్యేసరికి షావుకారు గారు ఆమెను షెడ్డులోంచి లేపి శాంపిళ్ళ గదిలో కూర్చోబెట్టారు. చదువు ఐదో తరగతి. వయసు నలభైకి దగ్గర. కాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడించి, వంచి, విరిచి, అరచేతిలో నలిపి వాసన చూసి, ఇది పొడికి, ఇది రంగుకు, ఇది రంగు పోయిన తాలు అని చెప్పేస్తుంది. లేబొరేటరీ రిపోర్టు మూడు రోజుల తర్వాత వచ్చి అదే చెబుతుంది. ఇదంతా విని నేను ముచ్చటపడ్డాను కూడా. ఆమె ఇంగ్లీషు వినేంతవరకూ.

థాయ్‌లాండ్ నుంచి ఒక కొనుగోలుదారు వచ్చేవాడు. ఏం చెప్పినా నవ్వేవాడు కాబట్టి ఆయన్ని ‘చిరునవ్వు సార్’ అనుకునేవాళ్ళం. ఆయన వస్తున్నాడని తెలిసి నేను రాత్రికి రాత్రి ఒక స్వాగత వాక్యం తయారుచేసుకున్నాను. అందులో మూడు ఉపవాక్యాలున్నాయి. అది ఒప్పజెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, తల వంచి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. తలుపు దగ్గర తొడిమలక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆయన ముఖం చేటంతైంది. “సిస్టర్!” అన్నాడు.

“బాస్! యూ లేట్. వై లేట్?” అంది తొడిమలక్క.

“రెయిన్, సిస్టర్, రెయిన్. దిస్ చిల్లీ హాట్?”

“దిస్ ఫుల్ హాట్. కలర్ లిటిల్. యూ పౌడర్? నో టేక్. యూ సాస్? టేక్, టేక్.”

“అదర్ మ్యాన్ సే దిస్ గుడ్ కలర్.”

“అదర్ మ్యాన్ లై. మై హ్యాండ్ నో లై.”

ఆయన పకపకా నవ్వాడు. ఐదు నిమిషాల్లో ఆమె మాటల్లో పద్నాలుగు తప్పులు లెక్కపెట్టాను. క్రియ ఉంటే కర్త లేదు, కర్త ఉంటే క్రియ లేదు, ‘ఎ’ గానీ ‘ది’ గానీ మందుకు కూడా లేవు. (చిరునవ్వు సార్ చేసిన తప్పులు మాత్రం నేను లెక్కపెట్టలేదు. ఆయన కొనేవాడు కదా, మర్యాద.) నేను ఆ పద్నాలుగూ పట్టుకుని నిలబడి ఉన్నాను, వాళ్ళిద్దరూ నా వంక చూస్తేగా! కాసేపటికి షావుకారు గారు చూశారు. చూసి, మెల్లగా, “అమ్మాయ్, టీ చెప్పు” అన్నారు. టీ కుర్రాడు ఆ రోజు రాలేదు. ఇంగ్లీషు మేడమ్ వెళ్ళి ట్రే పట్టుకొచ్చింది. ఆ ట్రే పట్టుకుని గది దాటుతున్నంతసేపూ నాకు కడుపులో భగభగా మండింది. దాన్ని అసూయ అని ఒప్పుకోవడానికి అప్పుడు నాకు మనసు రాలేదు. భాషకు అన్యాయం జరుగుతోందన్న బాధ అనుకున్నాను.

వెళ్ళేముందు చిరునవ్వు సార్ ఒక కబురు చెప్పి వెళ్ళాడు. బ్యాంకాక్‌లో తన ఫ్యాక్టరీ వాళ్ళకు మన గుంటూరు రకాల గురించి దగ్గరుండి చెప్పడానికి మా ఆఫీసు నుంచి ఒక మనిషి కావాలట. పదిహేను రోజులు. ఖర్చులన్నీ ఆయనవే. వచ్చే నెల మళ్ళీ వచ్చినప్పుడు ఎవరన్నది తేల్చుకుంటాడట. షావుకారు గారు ఆ మాట మా ఇద్దరికీ చెప్పి, “చూద్దాం, ఎవర్నంటే వాళ్ళు” అన్నారు. నాకు నవ్వొచ్చింది. పరాయి దేశం వెళ్ళి మాట్లాడాల్సిన పని, ‘ఎవరు’ ఏమిటి? ఆ సాయంత్రమే మా అమ్మకు ఫోన్ చేసి బ్యాంకాక్ వెళుతున్నానని చెప్పాను. (వెళ్ళవచ్చు, వెళ్ళగలను, వెళుతున్నాను అనేవాటికి తేడా నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసే చెప్పాను.) మా అమ్మ ఊరంతా చెప్పింది. ఆదివారం ఇంటికి వెళ్ళేసరికి మా పిన్ని గొడుగు తెమ్మని, మా పెదనాన్న నడుంనొప్పి తైలం తెమ్మని చీటీలు రాసి ఉంచారు. ఇక నేను బ్యాంకాక్ వెళ్ళకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకోలేను.

సోమవారం ఆఫీసుకు వచ్చి షావుకారు గారి గదిలోకి తొంగిచూస్తే, చిరునవ్వు సార్ వీడియో కాల్‌లో ఉన్నాడు. అడుగుతున్నది సిస్టర్ గురించి. నా గురించి కాదు.

ఆ రోజు బాగా ఆలోచించాను. తొడిమలక్క అంత ధారాళంగా మాట్లాడటానికి కారణం ఏమిటి? తాను తప్పులు మాట్లాడుతున్నానని ఆమెకు తెలియదు. ఆమె బలమంతా అందులోనే ఉంది. తెలిసేలా చేస్తే చాలు, నోరు దానంతటదే పడిపోతుంది. పైగా చేసేది మంచిపనే. విద్యాదానం. లోకంలో ఎవరూ తప్పుపట్టలేని విధంగా ఒక మనిషి నోరు మూయించే ఉపాయం నాకు దొరికింది, దాని పేరు గ్రామరు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని శాంపిళ్ళ గదికి వెళ్ళి, “అక్కా, నీకు రోజూ ఒక అరగంట ఇంగ్లీషు చెప్పనా?” అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. “నిజంగానా అమ్మాయ్? నాకెవరు చెప్తారులే అనుకున్నా” అని, నా క్యారియర్‌లో తన గోంగూర పచ్చడి వేసింది. ఆ పచ్చడి తింటూనే మొదటి పాఠం మొదలుపెట్టాను.

అప్పటిదాకా నాకు జవాబులు తెలుసు గానీ ప్రశ్నలు తెలియవని తొడిమలక్కే నేర్పింది. “కాయలు ఎక్కువైతే చివర ‘ఎస్’ పెట్టమన్నావు, బాగుంది. మరి ఒక్కడొస్తే ‘కమ్స్’ అని ఎస్ పెడతావేంది? పదిమందొస్తే ఉత్త ‘కమ్’ అంటావేంది? ఒక్కడికేమో ఎస్సు, పదిమందికేమో లేదు. తిరకాసుగా లేదూ?” అంది. నియమం అంతే అన్నాను. “ఐ యామ్ నోయింగ్ తప్పంటావు. కాయ గురించి నాకు రోజూ ఏదో ఒకటి కొత్తగా తెలుస్తానే ఉంది కదమ్మాయ్. ఆగిపోలేదుగా?” అంది. నియమం అంతే అన్నాను. షావుకారు గారిని ‘హి’ అనమంటే చచ్చినా అనలేదు. “హి అంటే వాడు అనేగా. ఉప్పు తిన్న ఇంటాయన్ని వాడు, వీడు అంటానా?” అని ఆయన్ని ‘దే’ అనే అంటూ వచ్చింది. దాంతో చిరునవ్వు సార్‌కు రాసిన ఒక మెసేజ్‌లో మా షావుకారు గారు పదిమందై కూర్చున్నారు. ‘ఎ’, ‘ది’ దగ్గర మాత్రం మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. “ఏదో ఒక కాయైతే ‘ఎ’, తెలిసిన కాయైతే ‘ది’ అన్నావు. నా చేతిలోకి వచ్చిన కాయ ఏదైనా నాకు తెలిసిందేగా? మరి నాకు ‘ఎ’ ఎప్పుడు అవసరపడుద్ది?” అంది. గట్టిగా కసిరాను. కసిరితే ఆమె తలదించుకుని నోటు పుస్తకంలో రాసుకునేది. పేజీ పేజీకీ ఎర్రటి వేలిముద్రలు.

నేను అనుకున్న దానికన్నా మందు బాగా పనిచేసింది. మూడో వారానికి ఆమె ఫోన్‌లో “బాస్, దిస్ చిల్లీ...” అని మొదలుపెట్టి, ‘ఈజ్’ పెట్టాలా ‘ఆర్’ పెట్టాలా అని ఆగిపోయి, ఫోన్ నా చేతికిచ్చేది. ఒకరోజు పాఠం మధ్యలో పెన్ను కింద పెట్టి, “ఇన్నేళ్ళూ నేను ఇట్టాంటి తప్పులు మాట్లాడానా అమ్మాయ్? కొనటానికొచ్చే ఆళ్ళందరూ లోపల లోపల నవ్వుకునే ఉంటారు గదా!” అంది. ఆమె ముఖంలో సిగ్గు చూసి నా మనసు చివుక్కుమంది. నిజంగానే చివుక్కుమంది. ఎవరూ నవ్వలేదక్కా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మా పిన్ని గొడుగు, మా పెదనాన్న తైలం, ఊళ్ళో నా తల, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. “పర్లేదులే అక్కా, ఇకనుంచి జాగ్రత్తగా ఉండు” అన్నాను.

చిరునవ్వు సార్ వచ్చే రోజు రానే వచ్చింది. నేను మంగళగిరి చీర కట్టుకుని, కళ్ళజోడు తీసేసి, ఆ రోజు కోసమని కొన్న కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని వచ్చాను. బ్యాంకాక్ వెళ్ళే మనిషి ఆ మాత్రం ఉండాలి కదా. ఆయన రాగానే “సిస్టర్!” అన్నాడు. తొడిమలక్క చేతులు కట్టుకుని, “గుడ్ మార్నింగ్ సార్. హౌ ఆర్ యూ? ఐ యామ్ ఫైన్” అని, పెదవులు బిగించేసింది. ఆయన కాసేపు ఎదురుచూశాడు. ఇంకేమీ రాలేదు. చిరునవ్వు కొంచెం తగ్గింది. “సిస్టర్ సిక్?” అని నన్నడిగాడు. “నో సార్, షీ ఈజ్ క్వయిట్ వెల్” అన్నాను. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అని నాలో నేనే మురిసిపోయాను.

రెండు రోజుల కిందటే ఒక దళారీ దగ్గర కొన్న తేజ రకం బస్తాలు షెడ్డులో పేర్చి ఉన్నాయి. మేం వాటిని టిక్కీలు అంటాం. ఆయన కొనడానికి వచ్చింది అవే. షావుకారు గారు ఎవరితోనో ఫోన్‌లో ఉండి ఆఫీసులోనే ఆగిపోయారు. తొడిమలక్క ఆ సరుకు చూడటం కూడా అదే మొదటిసారి, ముందు రెండు రోజులూ సెలవులో ఉంది. పైన కాయలు నిగనిగలాడుతున్నాయి. నేను వాటి పక్కన నిలబడి వర్తమానం, భూతం, భవిష్యత్తు అన్నీ వాడుతూ ఆ సరుకు ఎక్కడ పండిందో, ఎలా ఎండిందో, ఎంత జాగ్రత్తగా నిలవ చేయబడిందో అనర్గళంగా చెబుతున్నాను. (నాకు ఇదేదీ తెలియదు. పోయినసారి రాసిన మెయిల్‌లో ఉన్నదే అప్పజెబుతున్నాను.) తొడిమలక్క ఒక టిక్కీలోకి చెయ్యి మోచేతి దాకా దూర్చి, అడుగు నుంచి ఒక కాయ తీసింది. చెవి దగ్గర ఆడించింది. గింజ పలకలేదు. వంచింది. ఎండు మిరపకాయ వంచితే పుటుక్కున విరగాలి. అది విరగలేదు, వంగింది. ఆమె ముఖం పాలిపోయింది.

గబగబా నా దగ్గరికి వచ్చి చెవిలో అంది. “అమ్మాయ్, ఇది నీళ్ళు కొట్టిన కాయ. బరువు కోసం ఎవరో కొట్టారు. పైపైన ఆరబెట్టారు. ఇది ఓడెక్కితే బ్యాంకాక్ చేరేలోపు బూజు పట్టి నల్లగా అయిపోద్ది. ‘ఓడెక్కితే బూజు పడుద్ది’ అని ఇంగ్లీషులో ఎట్టా చెప్పాలి? ‘ఇఫ్’ పెడితే పక్కన ‘విల్’ రాకూడదన్నావు గదా, మరి ‘విల్’ ఎక్కడ పెట్టాలి? తొందరగా చెప్పు!”

నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒక్క వాక్యం. దాన్ని ఆమెకు చెప్పినా సరే, నేనే ఆయనతో అన్నా సరే, పని అయిపోతుంది. కానీ ఆ వాక్యం బయటికి వచ్చిన మరుక్షణం ఎవరు గొప్పవాళ్ళో, ఎవరు బ్యాంకాక్ వెళతారో కూడా తేలిపోతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. “తర్వాత చెప్తాలే అక్కా” అన్నాను.

చిరునవ్వు సార్ నా వైపు తిరిగి, “షిప్ ఓకే?” అన్నాడు. “యెస్ సార్. ఇట్ ఈజ్ పర్ఫెక్ట్‌లీ ఆల్‌రైట్” అన్నాను. ఆయన రెండు కంటైనర్లు అని వేళ్ళు చూపించి, తల ఊపి, కారు వైపు నడిచాడు. తొడిమలక్క అక్కడే నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఇఫ్, విల్, ఇఫ్, విల్. నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఒక మనిషి నోట్లో నేనే పెట్టిన తాళం అది. చూస్తూ నిలబడ్డాను.

ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసేసరికి ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. తలుపుకు అడ్డంగా నిలబడి, గుప్పెట్లో కాయలు ఆయన ముందు పెట్టి, ఒక్క ఊపిరిలో అంది.

“బాస్! నో. దిస్ చిల్లీ నో షిప్. అప్ గుడ్, డౌన్ వాటర్. షిప్ ఫిఫ్టీన్ డే. ఆల్ బ్లాక్. ఆల్ త్రో. యువర్ నేమ్ గాన్. షావుకారు నేమ్ గాన్. మై హ్యాండ్ నేమ్ గాన్!”

ఆమె కాయను వంచి చూపించింది. ఆయన తీసుకుని తనూ వంచాడు. వెనక్కి వచ్చి నాలుగు టిక్కీలు విప్పించి, అడుగు కాయలు తీయించి చూశాడు. షావుకారు గారు ఫోన్ ఆపి పరుగున వచ్చి, సంగతి విని, ఆ దళారీని తిట్టిన తిట్లు ఏ భాషలోకీ తిప్పగలిగేవి కావు. తర్వాత నా వైపు తిరిగారు. “ఏమ్మాయ్, ఇంత ఇంగ్లీషు చదివావు గదా, ‘నాకు తెలియదు’ అనే మాట మీ పుస్తకంలో లేదా?” అన్నారు. చిరునవ్వు సార్ నన్నేమీ అనలేదు. తొడిమలక్క వైపు తిరిగి చేతులు జోడించి, “సిస్టర్ కమ్ బ్యాంకాక్” అన్నాడు. మూడే మూడు మాటలు, అందులోనూ తప్పుంది.

ఎవరూ చూడకుండా నేను షెడ్డులో ఒక మూలకు పోయి, ఒక కాయ తీసుకుని వంచాను, నలిపాను, చింపాను. అందులో ఆమెకు కనపడి నాకు కనపడనిది ఏమిటో చూద్దామని. ఏమీ కనపడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే చేత్తో తుడుచుకున్నాను. ఒకరి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు పూర్తిగా అర్థమైంది. పైగా లెన్సులొకటి! నా కేకకు రెండొందల మంది తొడిమలు తీసే ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అందరికన్నా ముందు వచ్చింది తొడిమలక్కే. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, నా చేతులు కూడా కడిగించి, లెన్సులు నా చేతే తీయించి, కళ్ళ మీద చెంబులు చెంబులు నీళ్ళు కొట్టింది. తర్వాత ఉతికిన తువ్వాలు ఉండచుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదుతూ, నా కళ్ళకు అద్దుతూ కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు, “పాపం, కారం పడింది, ఎట్టా ఏడుస్తుందో చూడండి” అంటున్నారు. కారం గంటలో తగ్గింది. నేను ఆ తర్వాత కూడా చాలాసేపు ఏడ్చాను.

అందరూ వెళ్ళాక తొడిమలక్క, తువ్వాలు అద్దుతూనే, “తర్వాత చెప్తానన్నావే, ఎందుకు చెప్పలేదో నాకు తెలుసులే” అంది.

“నీ మీద కుళ్ళక్కా నాకు” అన్నాను. ఆ మాట తెలుగులోనే వచ్చింది.

“నాకు మాత్రం లేదా?” అందామె. “నువ్వొచ్చిన కాడినుంచీ నీ మీద కుళ్ళుకునే చచ్చా. వంక పెట్టటానికి లేకుండా మాట్లాడతావు, చూడకుండా టైపు కొడతావు, షావుకారు గారు నిన్ను కూర్చోబెట్టి మాట్లాడతారు, నన్ను నిలబెట్టి. ఆ గ్రామరేదో నేర్చుకుని నిన్ను పడగొడదామనే గదా రోజూ గోంగూర పెట్టి మరీ కూర్చుంది! నేర్చుకుంటే ఉన్న నోరు కూడా పోయింది” అంది. నేను ఆ మంటలోనే నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అలాగని నా కుళ్ళు అక్కడితో చల్లారిందని చెబితే అబద్ధమవుతుంది.

వీసా కోసం ఆఫీసు తరఫున ఉత్తరం రాయాల్సింది నేనే. ‘ఈమె మా సంస్థలో అందరికన్నా ఎక్కువ అనుభవం ఉన్న నిపుణురాలు’ అని టైపు చేసి, ఒక తప్పయినా దొరుకుతుందేమోనని నాలుగుసార్లు చదివాను. దొరకలేదు. నేనే కదా రాసింది. ఊళ్ళో మా అమ్మ మాత్రం ఏ ఇబ్బందీ పడలేదు. “మా అమ్మాయే ఇంగ్లీషు నేర్పి ఆవిణ్ణి పంపిస్తంది” అని చెప్పుకుని, చీటీలన్నీ నా చేత తొడిమలక్కకు ఇప్పించింది.

ప్రయాణం రోజు పొద్దున్నే గన్నవరం విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. ఫారాలు నింపే పని పడితే భయమేస్తుందని తొడిమలక్క పట్టుబట్టి తీసుకెళ్ళింది. సాగనంపడానికి షావుకారు గారూ వచ్చారు, ఆమె చేతిలో సూట్‌కేసు నిండా శాంపిళ్ళు. లోపలికి వెళ్ళేచోట తుపాకీ పట్టుకున్న జవాను ఆమె టికెట్టు చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నేను సాయానికి ముందుకు జరిగేలోపే, “ఐ చిల్లీ టీచర్. గో బ్యాంకాక్. కమ్ ఫిఫ్టీన్ డే” అని, నవ్వి, లోపలికి నడిచిపోయింది. నడుస్తూ వెనక్కి తిరిగి అద్దంలోంచి చెయ్యి ఊపింది. ఏదో అంటోంది కూడా, వినపడలేదు. నేను ఆ తలుపు ముందే నిలబడిపోయాను, నా వెనక వరస ఆగిపోయింది. జవాను నా వైపు చూసి, “వేర్ ఆర్ యూ గోయింగ్, మేడమ్?” అని అడిగాడు.

“ఐ యామ్ నాట్ గోయింగ్ ఎనీవేర్, సార్” అన్నాను.

ఇప్పుడు గుంటూరులో నాకు సొంతంగా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులున్నాయి. వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ, తప్పు లేని వాక్యం ఒకటి చెప్పండి మేడమ్ అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. నాకు ముందుగా ఆ రోజు జవానుతో అన్న వాక్యమే నోటికొస్తుంది. కర్త, క్రియ, కాలం, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, ఎర్ర పెన్నుతో వెతికినా వంక పెట్టలేం. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఆ తలుపు బయట నిలబడిన ఆ పిల్ల కనపడుతుంది, నవ్వొస్తుంది, ఇంకో వాక్యం చెబుతాను.